ఏడు గిన్నెల నాచు చారు

సొక్చో ఊరికీ అబాయ్ పేటకీ మధ్య ఓ నీటిపాయ ఉంది. ఇనపతాడు పట్టుకుని లాగే బల్లకట్టు మీద జనం దాన్ని దాటుతారు. కొరియా యుద్ధంలో ఉత్తరాదిన హమ్‌గ్యోంగ్ నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళు ఆ ఇసుకదిబ్బ మీద రేకులూ చెక్కలూ నిలబెట్టుకుని కాపురాలు పెట్టారు. నెలో రెండు నెలలో ఉండి వెళ్ళిపోతాం, దీనికి పునాదులెందుకన్నారు. సరిహద్దు మూసుకుపోయింది, నలభై ఏళ్ళయింది.

మల్సున్ ఆ పేటకి కోడలిగా వచ్చింది గాని ఉత్తరాది మనిషి కాదు. ఆమె పుట్టిల్లు దక్షిణానే, యాంగ్యాంగ్ పక్కన ఓ పల్లె. పెళ్ళికొడుకు హక్చోల్‌కి వెనకా ముందూ ఎవరూ లేరు. ఇరవయ్యో ఏట ఒంటరిగా ఓడెక్కాడు. అమ్మనీ తొమ్మిదేళ్ళ చెల్లెలినీ రేవులో వదిలేసి, పది రోజుల్లో వస్తానని చెప్పి మరీ ఎక్కాడు. "అత్త పోరు లేని ఇల్లు, నీ అంత అదృష్టవంతురాలు లేదే" అని మల్సున్‌ని పుట్టింటివాళ్ళు సాగనంపారు.

అత్త లేకపోవడం అంత తేలిక కాదని మల్సున్‌కి మొదటి చలికాలమే తెలిసింది. గజామి చేపని ఉప్పులో ఆరబెట్టి, కొర్రన్నం, మిరప్పొడి, వెల్లుల్లి పట్టించి జాడీలో ఊరబెట్టే సిఖే అనే పచ్చడి వాళ్ళ వైపుది. అది లేకపోతే హక్చోల్‌కి ముద్ద దిగదు. పక్కింటి తన్చోన్ అవ్వ దగ్గర నేర్చుకుని మల్సున్ జాడీ నింపింది. హక్చోల్ ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"బాగుంది. మా అమ్మ చేసినట్టు లేదు."

"ఏం తక్కువైంది?"

"ఏమో. తక్కువైంది."

ఆ మాట ముప్పై ఏళ్ళు విన్నది. కొర్రలు పెంచింది, ఉప్పు తగ్గించింది, జాడీ ఇసకలో పాతింది. ఎదురుగా ఉన్న అత్తయితే ఎక్కడ తప్పు పోయిందో చెప్పేది, కనీసం తిట్టేది. ఈ అత్త ఏమీ చెప్పదు.

చాంద్రమానంలో నాలుగో నెల పదిహేడో రోజు ఆవిడ పుట్టినరోజు. ఆ పొద్దున మల్సున్ మియోక్ అనే సముద్రపు నాచు నానబెట్టి చారు కాచేది. పుట్టినరోజుకి నాచు చారు తాగని మనిషి కొరియాలో ఉండడు. వేడి అన్నం, చారు, సిఖే, వేయించిన చేప, పక్కన చెంచా. ఆ చిన్న బల్లని హక్చోల్ ఉత్తరం వైపు కిటికీ కింద పెట్టి, "అమ్మా, తిను" అని ఓ మాట అని, పక్కకి జరిగి కూచునేవాడు. చారు మీద ఆవిరి ఆగిపోయాక దాన్ని తనే తాగేవాడు. ఇద్దరు కూతుళ్ళూ ఆ బల్ల చుట్టూనే పెరిగారు. చూడని నాయనమ్మకి ఏటా వయసు లెక్కపెట్టి చెప్పేవాళ్ళు.

నాయనమ్మకి డెబ్భై దాటిన ఏడు, అంటే పంతొమ్మిదివందల డెబ్భై తొమ్మిదిలో, వేసవి చివర మల్సున్‌కి ఓ కల వచ్చింది. వంటింటి గడప దగ్గర ఓ ముసలామె నిలబడి ఉంది. చేతిలో ఖాళీ గిన్నె. కుండ అడుగున మాడిన అన్నం చెక్కు కాచిన నీళ్ళయినా పోయమంటోంది. మల్సున్ కుండ కోసం వెతికేలోపల మెలకువ వచ్చింది.

పొద్దున్నే తన్చోన్ అవ్వకి చెప్పింది. అవ్వ నోట్లో పళ్ళు అప్పటికే సగం పోయాయి. ఆ సగంతోనే నాలుక కొరుక్కుంది.

"ఇంకేముందే పిల్లా. పోయి ఉంటుంది. తిండి పెట్టే దిక్కు లేక మీ గడప దాకా వచ్చింది. పేటలో అందరూ తద్దినాలు మొదలెట్టేశారు, మీరే పట్టుకు కూచున్నారు."

పేటలో ఆ లెక్క అందరికీ తెలిసిందే. సరిహద్దుకి అవతల ఉండిపోయిన అమ్మా నాన్నా ఎప్పుడు పోయారో తెలియదు. తిథి తెలియకపోతే తద్దినం ఎప్పుడు పెట్టాలి? తొమ్మిదో నెల తొమ్మిదో రోజున పెట్టాలి. ఆ రోజు అబాయ్ పేటలో ఇంటింటా వేపుళ్ళ వాసన వచ్చేది. అవతల మనిషికి డెబ్భై నిండాయంటే, ఎనభై నిండాయంటే, ఇక చాలు ఒప్పుకో అని తోటివాళ్ళు చెప్పి ఒప్పించేవాళ్ళు.

హక్చోల్ ఒప్పుకోలేదు. "పోయిందని ఎవరు చూశారు?" అన్నాడు.

"ఉందని ఎవరు చూశారు?" అంది మల్సున్. "బతికుంటే మనం పెట్టకపోయినా ఆవిడ తింటుంది. పోయి ఉంటే మనం పెట్టందే తినలేదు. ఆకలితో తిరుగుతున్న మనిషిని నేను కళ్ళారా చూశానయ్యా."

మూడు రోజులు ఇదే మాట మీద ఉంది. కలలో మొహం ఎలా ఉందని అతను రెండుసార్లు అడిగాడు. పొట్టిగా, ఎడమ భుజం వంగి ఉందని చెప్పింది. అతని తల్లికి ఎడమ భుజం వంపే. బిందెలు మోసి వంగిందట. ఆ సంగతి మల్సున్‌కి అతనే ఎప్పుడో చెప్పి ఉంటాడని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

నాలుగో రోజు బల్లకట్టు దాటి ఊళ్ళోకి వెళ్ళి, నల్ల వార్నీషు పూసిన తద్దినపు బల్ల కొనుక్కొచ్చాడు. తొమ్మిదో నెల తొమ్మిదిన ముల్లంగి చారు, ఎండు చేప, మూడు రకాల ఆకుకూరలు, పియర్ పండ్లు, రేగుపండ్లు అమర్చారు. చచ్చిపోయినవాళ్ళ బల్ల మీద మిరపకాయ ఎరుపు కనపడకూడదు, వెల్లుల్లి తగలకూడదు. సిఖే జాడీ మూత కూడా తియ్యలేదు. పోయినవాళ్ళకి పెట్టే పద్ధతిలో అన్నంలో చెంచా నిలువుగా గుచ్చారు. ఆ ఏటి పుట్టినరోజు దాకా పక్కన పెట్టిన చెంచా అది. హక్చోల్ తల్లి వంశం పేరు తెల్ల కాగితం మీద రాసి నిలబెట్టి, రెండుసార్లు సాష్టాంగపడి, చివర ఆ కాగితాన్ని దీపం మంటలో కాల్చాడు.

ఆ ఏటి నుంచి పుట్టినరోజు బల్ల ఆగిపోయింది. పోయినవాళ్ళకి పుట్టినరోజేమిటి?

పదకొండు తద్దినాలు అలా జరిగాయి. హక్చోల్ చేపల పడవ మానేసి వలలు బాగుచేసే పనిలోకి దిగాడు. కూతుళ్ళు పెళ్ళిళ్ళయి గంగ్నుంగ్ వెళ్ళారు.

తొంభయ్యో సంవత్సరం నాలుగో నెల మొదట్లో చైనాలోని యెన్‌జీ నుంచి ఓ కవరు వచ్చింది. అక్కడ స్థిరపడ్డ దూరపు చుట్టం ఒకాయనకి హక్చోల్ రెండేళ్ళ కిందట ఉత్తరం రాసి మర్చిపోయాడు. ఆయన మర్చిపోలేదు. సరిహద్దు దాటి వెళ్ళొచ్చే ఎవరి చేతనో వాకబు చేయించాడు. కవరులో ఇంకో చిన్న కవరు, అందులో గళ్ళ కాగితం మీద చెల్లెలు హక్సిల్ రాసిన ఉత్తరం. తొమ్మిదేళ్ళ పిల్లకి ఇప్పుడు నలభై తొమ్మిది.

హక్చోల్ గుమ్మంలో నిలబడి చదివాడు. చదివి, మడిచి, మల్సున్ చేతికిచ్చి, చెప్పులేసుకుని వలల పాకకి వెళ్ళిపోయాడు. మల్సున్ చేతులు తుడుచుకుని విప్పింది.

"అన్నయ్యా, అమ్మ మూడేళ్ళ కిందట, ఎనభై ఏడులో, రెండో నెల పన్నెండున పోయింది. డెబ్భై తొమ్మిదేళ్ళు బతికింది. ఎక్కువ బాధపడలేదు. నువ్వు బతికే ఉన్నావని చివరిదాకా అనేది. నీ పుట్టినరోజుకి ఎక్కడో అక్కడ నాచు సంపాదించి చారు కాచి, నీ గిన్నెలో పోసి పక్కన చెంచా పెట్టేది. చల్లారాక తనే తాగేది. నాకు కూడా ఇచ్చేది కాదు."

ఇంకా రెండు పేజీలుంది. మల్సున్ అక్కడే ఆగిపోయింది. వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. పదకొండింటిలో ఎనిమిది. ఎనిమిదేళ్ళు బతికున్న మనిషికి తద్దినం పెట్టారు.

సాయంత్రం హక్చోల్ వచ్చాక ఆమే ముందు నోరు విప్పింది.

"నాదే తప్పు."

అతను చెప్పులు విప్పుతున్నాడు.

"ఎనిమిదేళ్ళు ఆవిడ పేరు రాసి తగలబెట్టాను," అన్నాడు. "ఆవిడేమో అక్కడ కూచుని నాకు చారు కాస్తోంది." చెప్పులు జతగా పెట్టాడు. "మరి నీ కలలోకి వచ్చింది ఎవరే?"

మల్సున్ ఉత్తరం మడిచి కవరులో పెట్టింది.

అతను కేకలు వెయ్యలేదు. వేస్తే బాగుండునని మల్సున్ అనుకుంది. మర్నాటి నుంచి బల్ల ముందు కూచోవడం మానేశాడు. వంటింట్లో నిలబడి, చల్లటి అన్నంలో నీళ్ళు పోసుకుని, రెండు గుటకల్లో మింగి వెళ్ళిపోయేవాడు. సిఖే పెడితే ముట్టలేదు. నాలుగో రోజు నల్ల బల్లని చంకన పెట్టుకుని వెళ్ళాడు. కాసేపటికి పాక వైపు నుంచి కాలిన వార్నీషు కంపు కొట్టింది. నూనె పీపా కోసి చేసిన పొయ్యిలో బల్ల కాళ్ళు నాలుగూ మండుతుంటే అతను దాని ముందే కూచుని వల కన్నాలు పూడ్చుకుంటున్నాడని తన్చోన్ అవ్వ వచ్చి చెప్పింది.

"చలి కాచుకుంటున్నాడే. బల్ల వెధవది, పోతే పోయింది. మనిషి ఎండిపోతున్నాడు. ఏమైనా పెట్టు."

"తింటే గదా అవ్వా."

"నా మీద కోపమా?"

"నా మీద."

"నా మీద కూడా పెట్టుకోమను. చెప్పింది నేను గదా. నాకేం బరువు, ఎంతోమంది పెట్టుకున్నారు."

అవ్వ వెళ్ళాక మల్సున్ గోడ మీది క్యాలెండరు చూసింది. నాలుగో నెల పదిహేడు ఇంకా తొమ్మిది రోజులుంది. తాము బల్ల ఆపేశాక ఆవిడ బతికి గడిపిన పుట్టినరోజులు ఎన్ని? ఎనభై నుంచి ఎనభై ఆరు దాకా ఏడు. ఎనిమిది తద్దినాలని వెనక్కి తీసుకునే దారి ఆమెకి తోచలేదు. తప్పిపోయిన పుట్టినరోజుల సంగతి వేరు. అవి వంటతో చెయ్యగలిగిన పని. వంట తనకి వచ్చు.

పదహారో రోజు పొద్దున్నే బల్లకట్టు దాటి ఊరి బజారుకి వెళ్ళింది. నాచు అమ్మే కొట్టువాడు సంచుల్లో ముక్కలు చూపించాడు.

"అది కాదు. మడవనిది కావాలి. పొడుగుది."

మడవని నాచు బాలింతల కోసం కొంటారు. విరిచినా, మడిచినా, బేరమాడినా కాన్పు కష్టమవుతుందంటారు. కొట్టువాడి మొహం విప్పారింది.

"శుభం! మనవడా, మనవరాలా?"

"ఎవరూ పుట్టలేదు. పుట్టినరోజు. ఏడు గిన్నెలకి సరిపోవాలి."

"ఒకే రోజు ఏడుగురిదా? కవలలు విన్నాను గాని..."

"ఒక్కరిదే," అంది మల్సున్.

కొట్టువాడు మనిషి ఎత్తున ఉన్న నాచు కట్టని మడవకుండా గడ్డితాడుతో కట్టి ఆమె భుజానికెత్తాడు. బల్లకట్టు మీద తాడు లాగుతున్న ఆడవాళ్ళంతా దాన్ని తప్పించుకుని నిలబడ్డారు. ఎవరి కోడలు కన్నదని ముగ్గురు అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆ సాయంత్రం పేటలో ఏడు గడపలు ఎక్కింది. ఉత్తరాది నుంచి వచ్చి డెబ్భై దాటిన ఆడవాళ్ళనే ఎంచుకుంది. "రేపు పొద్దున మా ఇంట్లో తినండి. మా అత్తగారి పుట్టినరోజు" అంది. సంగతి అప్పటికే పేటంతా తెలుసు. ఎవరూ ఎందుకని అడగలేదు. హోంగ్వోన్ అవ్వ మాత్రం, "చారులో ఏం వేస్తున్నావు? గొడ్డు మాంసం వేస్తే నేను రాను, నాకు పడదు" అంది.

పదిహేడున తెల్లారగట్లే లేచి నాచు నానబెట్టింది. నువ్వుల నూనెలో వేయించి, ఆల్చిప్పల మాంసం వేసి, పెద్ద కుండలో మరిగించింది. సిఖే జాడీ తీసి ఏడు పళ్ళేల్లో పెట్టింది. హక్చోల్ ఎప్పటిలాగే చల్లన్నం మింగి పాకకి వెళ్ళాడు. కుండ వైపు చూడలేదు.

ముసలమ్మలు ఒక్కొక్కరే వచ్చారు. ఒకామె కర్రతో, ఒకామె పక్కింటి కోడలి చెయ్యి పట్టుకుని. తన్చోన్ అవ్వ పెట్టెలోంచి తీసిన పట్టు రవిక వేసుకొచ్చింది. ఉత్తరం కిటికీ కింద రెండు బల్లలు కలిపి వేసి, ఏడుగురినీ వరసగా కూచోబెట్టి, మల్సున్ గిన్నెలు పెట్టింది. మొదటి గిన్నె పెడుతూ, "ఇది ఎనభైలోది" అంది. రెండోది పెడుతూ, "ఎనభై ఒకటిలోది." అలా ఏడో గిన్నె దాకా చెప్పింది. ముసలమ్మలు చెంచాలు పట్టుకోకుండా విన్నారు.

"నాది ఎనభై నాలుగా?" అంది హోంగ్వోన్ అవ్వ. "ఆ ఏడు గాలివానకి మా రేకులు లేచిపోయాయి. ఏమీ తినని ఏడు. ఇటివ్వు."

దాంతో అందరూ చెంచాలు ఎత్తారు.

తన్చోన్ అవ్వ కర్ర తీసుకుని పాకకి బయల్దేరింది. కాసేపటికి హక్చోల్‌ని ముందు పెట్టుకుని, పశువుని తోలుకొచ్చినట్టు తోలుకొచ్చింది. అతను గుమ్మంలో ఆగిపోయాడు. ఆరుగురు ముసలమ్మలు తన ఇంట్లో వరసగా కూచుని చారు జుర్రుకుంటున్నారు. ఒకామెకి గడ్డం మీద నాచు అంటుకుంది.

"ఏమిటిది?" అన్నాడు మల్సున్‌తో. ఇన్నాళ్ళకి ఆమెతో అన్న మొదటి మాట అది.

"పుట్టినరోజు," అంది మల్సున్. "ఏడూ."

 తన్చోన్ అవ్వ తన చోట్లో కూలబడి చెంచా అందుకుంది.

"ఒరే హక్చోల్. నాకు అవతల ఇద్దరు కొడుకులున్నారు, తెలుసుగా. పెద్దాడు మహా పద్ధతి మనిషి. నేను కనపడకుండా పోయిన మూడో ఏడే నాకు తద్దినం మొదలెట్టి ఉంటాడు. కచ్చితంగా పెట్టి ఉంటాడు, వాడి సంగతి నాకు తెలీదూ? ముప్పై ఏడేళ్ళుగా నాకు చెంచా గుచ్చుతున్నాడు. నేను చచ్చానా? పళ్ళు ఊడాయి, అంతే."

"నాకూ పెడతారు," అంది హోంగ్వోన్ అవ్వ. "తొమ్మిదో నెలలో నాకు ఆకలి వెయ్యదు. ఇదే కారణమేమో అనుకుంటా."

వరసలో ఎవరో నవ్వారు, ఇంకెవరో అందుకున్నారు. చివరి గిన్నె ముందు కూచున్న ముసలామె మాత్రం నవ్వలేదు. "పెడితే నాకు కోపం లేదు," అంది చారులోకి చూస్తూ. "గుర్తున్నానన్న మాటే గదా. అసలు పెట్టకపోతేనే..." అని ఊరుకుంది.

 హక్చోల్ చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. బల్ల చివర, ఆ ముసలామె పక్కన చతికిలబడ్డాడు. మల్సున్ కుండ అడుగున మిగిలింది ఓ గిన్నెలో పోసి అతని ముందు పెట్టింది. ఇది ఏ సంవత్సరానిదో చెప్పలేదు. 

రెండు చెంచాలు తాగాడు. మూడోది ఎత్తి ఆపాడు.

"ఆల్చిప్పలు వేశావా?"

"వేశాను."

"అమ్మ గజామి చేప వేసేది. తల కూడా వేసేది."

"ముప్పై మూడేళ్ళ కాపురంలో ఒక్కసారీ చెప్పలేదేం?" అంది మల్సున్. గొంతు కాస్త పెద్దదైంది. "కాచిన ప్రతిసారీ తాగి ఊరుకున్నావు గదా!"

"ఇప్పుడే గుర్తొచ్చింది," అన్నాడతను. గిన్నె ఎత్తి మిగతాది తాగేశాడు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. ముసలమ్మలు అటు చూడకుండా సిఖేలో ఎముకలు ఏరుకుంటున్నారు. తర్వాత అతను ఇంకో గిన్నె అడిగాడు. కుండ ఖాళీ. హోంగ్వోన్ అవ్వ తన గిన్నెలో సగం అతని గిన్నెలోకి వంచింది.

ఆ రాత్రి నుంచి బల్ల ముందు కూచుని తిన్నాడు. క్షమించానని గాని, నీ తప్పు లేదని గాని అనలేదు. మల్సున్ కూడా అడగలేదు. చెల్లెలికి జవాబు రాస్తూ రెండు రోజులు తీసుకున్నాడు. ఏం రాశాడో ఆమెకి చూపించలేదు గాని, కవరు అంటించే ముందు, "అమ్మ సిఖే ఎలా పెట్టేదో అడిగాను. నీకోసమే" అన్నాడు. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. చేరిందో లేదో తెలియదు.

మరుసటి ఏడు రెండో నెల పన్నెండున అసలు తిథికి మొదటి తద్దినం పెట్టారు. ముందురోజు మొదలైన మంచు మోకాళ్ళ దాకా పడి బల్లకట్టు ఆగిపోయింది. ఊళ్ళోకి పోయి పియర్ పండ్లు తెచ్చే వీల్లేదు. బల్ల కూడా లేదు, తన్చోన్ అవ్వ వాళ్ళది అడిగి తెచ్చుకున్నారు. దానికి ఒక కాలు పొట్టి. హక్చోల్ మడతపెట్టిన అట్టముక్క కింద దోపాడు.

"పండ్లు లేకుండా ఎట్లాగయ్యా?" అంది మల్సున్.

"ఆవిడ పోయింది ఈ నెల్లోనేగా. అక్కడ మాత్రం పండ్లెక్కడివి? ఉన్నదే పెట్టు. అర్ధరాత్రి దాకా వద్దు, పొద్దు ఉండగానే కానిద్దాం. ముసలిది, మంచులో నడిచి రావాలి."

వీధి తలుపు బార్లా తెరిచి పెట్టారు. మంచు గడప లోపలికి వచ్చి పడింది. ఇద్దరూ దణ్ణం పెట్టుకుని, ఆవిడ తినేదాకా అవతల గదిలో కోట్లు తొడుక్కుని కూచున్నారు. తర్వాత తలుపు మూసి, బల్ల మీది ఆకుకూరలూ అన్నమూ ఒకే బేసిన్‌లో కలిపింది మల్సున్. హక్చోల్ మిరప ముద్ద తెమ్మన్నాడు. తెచ్చింది. ఎర్రగా కలుపుకుని ఇద్దరూ ఒకే బేసిన్‌లోంచి తిన్నారు. తన్చోన్ అవ్వకి ఓ పళ్ళెం మూతపెట్టి పక్కన ఉంచారు. తిన్నాక అతను పార తీసుకుని, అవ్వ గుమ్మం దాకా దారి చెయ్యడానికి బయటికి వెళ్ళాడు.